ఏ జిల్లా పిల్ల

మోకాలు దెబ్బతిన్న రిఫరీని ఏం చెయ్యాలో ఎవరికీ తోచక నన్ను సెక్రటరీని చేశారు. కొన్నేళ్లపాటు ఈల పట్టుకుని గ్రౌండులో పరిగెత్తాను. ఒక వర్షాకాలం జారిపడి, లేచాక మోకాలు నా మాట వినడం మానేసింది. పరిగెత్తలేనివాళ్లు కూర్చుని చేసే పని ఏదైనా ఉండాలి కదా అని మా ప్రెసిడెంట్ గారు ఈ పదవి ఇచ్చారు. ఇందులో కూర్చునేది ఏమీ ఉండదని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

మా సంఘం పెద్దదేం కాదు. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో రగ్బీ ఆడే క్లబ్బులన్నిటికీ కలిపి ఒక ప్రాంతీయ సంఘం. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలి, ఎవరు ఏ క్లబ్బుకి చెందుతారు, తన్నుకున్నవాళ్లని ఎన్ని మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టాలి, ఇవన్నీ మేం తేల్చాలి. ఆడేవాళ్లకి జీతాల్లేవు, ఆడించేవాళ్లకీ లేవు. అందరికీ వేరే బతుకుతెరువు ఉంది. నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ప్రెసిడెంట్ గారికి తాడేపల్లిగూడెం దగ్గర రైసు మిల్లుంది. మీటింగులన్నీ ఆ మిల్లు ఆఫీసు గదిలోనే. మర ఆడుతుంటే అరుచుకుంటూ మాట్లాడాలి, మర ఆగాక కూడా అదే అరుపు కొనసాగుతుంది.

నేను చెప్పబోయేది ఒక అమ్మాయి గురించి జరిగిన రగడ. ఆ అమ్మాయిది రాజమండ్రిలో గోదావరి ఒడ్డున చేపలుపట్టే కుటుంబం. తండ్రి పడవ మీద వలకి వెళ్తాడు. డిగ్రీలో చేరాక రగ్బీ మొదలుపెట్టింది. మనిషి పొట్టి, భుజాలు మాత్రం తలుపంత వెడల్పు. రాజమండ్రి మహిళల క్లబ్బుకి హుకర్ ఆమె. రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంది. రెండు జట్ల నుంచీ ఎనిమిదేసిమంది వంగి, భుజానికి భుజం బిగించి, ఎదురెదురుగా తోసుకుంటారు. మధ్యలో బంతి వేస్తారు. ముందు వరసలో నడిమి మనిషి దాన్ని కాలితో వెనక్కి లాగాలి. ఆ మనిషే హుకర్. మెడమీద పడే బరువు తక్కువేం కాదు, అందుకని నేర్చుకోనివాళ్లని అక్కడ నిలబెట్టకూడదు. నేర్చుకున్న మనిషి లేకపోతే రిఫరీ తోపుడు లేకుండా ఉత్తుత్తి స్క్రమ్ చేయిస్తాడు. చూడ్డానికి పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు ఉంటుంది. మా సంఘం మొత్తం మీద ముందు వరసలో నిలబడగల ఆడపిల్లలు అప్పట్లో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. అందులో ఈ పిల్ల మేటి. నోరు కూడా మేటే. నేను రిఫరీగా ఉన్న రోజుల్లో ఈమె వాదనలు వినలేక రెండుసార్లు గట్టిగా హెచ్చరించాను.

ఆ ఏడాది మాఘమాసంలో ఆ అమ్మాయికి నిడదవోలు సంబంధం కుదిరి పెళ్లయింది. సీజన్ సగంలో ఉంది. పెళ్లికి రాజమండ్రి టీమంతా వచ్చింది, నిడదవోలు టీమంతా వచ్చింది. రెండు టీములూ ఒకే బంతిలో కూర్చుని భోంచేశాయి. అదే ఆ సీజన్లో వాళ్లు ప్రశాంతంగా గడిపిన ఆఖరి రోజు.

మర్నాడే నిడదవోలు క్లబ్బు మేనేజరు గారు ఫోను చేశారు. ఆయన రైల్వేలో పనిచేస్తారు. చాలా మర్యాదస్తులు, మర్యాదగానే ప్రాణం తీస్తారు. "మేడంగారూ, మా ఊరి కోడలు మా ఊరికి ఆడాలి కదండీ, పేరు మార్చేయండి" అన్నారు. ఆయన ఫోను పెట్టేలోపే రాజమండ్రి కోచ్ గారి కాల్ వచ్చింది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పెళ్లి చేసి పంపింది పిల్లని గానీ హుకర్‌ని కాదని, మూడేళ్లు మెడ పట్టుకుని నేర్పింది తానని, సీజన్ మధ్యలో వదిలేది లేదని చెప్పారు. నేను క్లాసుకి వెళ్లాలి. బెల్లు కొట్టేశారు. ఇద్దరికీ కనుక్కుని చెబుతానన్నాను. ఆ ఒక్క మాటకి నెలన్నర మూల్యం చెల్లించాను.

మా నిబంధన చూడ్డానికి సులువుగానే ఉంటుంది. ఒకే జిల్లాలో ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకి ఎప్పుడైనా మారొచ్చు. వేరే జిల్లా క్లబ్బుకి మారాలంటే ఆ సీజన్ అయ్యేదాకా పాత క్లబ్బుకే ఆడాలి. కాకపోతే ఈ నిబంధన రాసుకున్నప్పుడు రాజమండ్రి తూర్పుగోదావరిలో ఉంది, నిడదవోలు పశ్చిమగోదావరిలో ఉంది. తర్వాత జిల్లాలు మార్చారు. నిడదవోలు తూర్పుకి వచ్చేసింది. ప్రభుత్వం మ్యాపు మార్చింది గానీ మా సంఘం నిబంధనలు ఎవరూ మార్చలేదు. మారుద్దామని నేను ఎత్తినప్పుడల్లా టీ వచ్చేది, మాట అటు పోయేది. ఇప్పుడు పాత మ్యాపు ప్రకారం ఆ పిల్ల రాజమండ్రికే ఆడాలి. కొత్త మ్యాపు ప్రకారం రేపే నిడదవోలుకి ఆడొచ్చు.

కాబట్టి రాజమండ్రి కోచ్ గారు పాత మ్యాపు పట్టుకున్నారు, నిడదవోలు మేనేజరు గారు కొత్త మ్యాపు పట్టుకున్నారు. ఇంతవరకూ న్యాయంగానే ఉందనిపిస్తుంది. కానీ అంతకుముందు ఏడాదే సంఘంలో ఉపాధ్యక్ష పదవులు తూర్పుకి ఒకటి, పశ్చిమకి ఒకటి పంచుకుంటున్నప్పుడు వీళ్లిద్దరే అచ్చంగా తిరగేసి వాదించారు. అప్పుడు పశ్చిమ సీటు కావలసిన మేనేజరు గారు, తాను పుట్టింది పశ్చిమలో, పోయేదీ పశ్చిమలోనేనని, కలెక్టరాఫీసు మారితే మనిషి మారడని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు. కోచ్ గారేమో గెజిట్ వచ్చాక ఇంకా పాత మ్యాపు ఏంటండీ అని ఎగతాళి చేశారు. నేను ఈ సంగతి గుర్తుచేస్తే ఇద్దరూ ఒకే మాట అన్నారు. అది వేరండి.

మొదటి మీటింగు మిల్లులో జరిగింది. తవుడు వాసన, గోడమీద దేవుడి క్యాలెండరు, బల్లమీద వేడి బజ్జీలు. కోచ్ గారు పాత మ్యాపు ప్రింటు తీయించుకుని వచ్చారు. మేనేజరు గారు కొత్త మ్యాపు ఫోనులో చూపించారు, చూపించిన ప్రతిసారీ తెర ఆరిపోయేది. ప్రెసిడెంట్ గారు రగ్బీ బంతిని ఇప్పటికీ గుడ్డు బంతి అంటారు గానీ మనిషి మంచివారు, ఎవరి మనసూ నొప్పించరు. అందువల్లే ఏదీ తేలదు. ఇద్దరిదీ నిజమేనండీ అన్నారు ఆయన, చాలాసేపు ఆలోచించి.

నేను అప్పుడు అడిగాను, అసలు ఆ అమ్మాయి ఏమంటోందని. ఇద్దరూ నావైపు చూశారు. కొత్తగా పెళ్లయిన పిల్లని ఈ గొడవల్లోకి ఎందుకు లాగడం అన్నారు మేనేజరు గారు. ఆ పిల్ల మనసు తనకి తెలుసన్నారు కోచ్ గారు. ప్రెసిడెంట్ గారు, ఆడపిల్లని మిల్లుకి పిలిస్తే బాగుండదేమో అన్నారు. ఆ గదిలో నేనూ ఆడదాన్నే అన్న సంగతి ఆయనకి తట్టలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. రాష్ట్ర సంఘానికి రాసి అడుగుదామని తీర్మానించి లేచాం. రాష్ట్ర సంఘం వారు వారం తర్వాత ఫోను చేసి, ఇలాంటివి మీ స్థాయిలోనే తేల్చుకోవాలన్నారు.

ఈలోగా రెండు మ్యాచ్‌లు జరిగాయి. ఆ అమ్మాయి దేనికీ రాలేదు. రాజమండ్రివాళ్లేమో, నిడదవోలువాళ్లు ఆపారన్నారు. నిడదవోలువాళ్లేమో, రాజమండ్రివాళ్లు బెదిరించారన్నారు. నాకు ఇంక విసుగు పుట్టి, ఒక ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి నిడదవోలు వెళ్లాను. ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. పక్కింటావిడ చెప్పింది, అంతా మార్కెట్లో ఉంటారని.

ఆ అమ్మాయి అత్తవారిది చేపల వ్యాపారం. మార్కెట్లో కొట్టుంది. నేను వెళ్లేసరికి కొట్టు ముందు జనం మూడు వరసల్లో నిలబడి ఉన్నారు. మామగారు ఐసులోంచి చేపలు తీసి ఇస్తున్నాడు, అత్తగారు తూకం దగ్గర ఉంది, మొగుడు డబ్బులు తీసుకుంటున్నాడు. ఆ పిల్ల వెనక కత్తిపీట ముందు కూర్చుని, తల ఎత్తకుండా పొలుసు తీసి ముక్కలు కోస్తోంది. నేను పక్కనుంచి పిలిచాను. "మేడం, వరసలో రండి, లేకపోతే జనం ఊరుకోరు" అంది, నావైపు చూడకుండానే. నిలబడ్డాను. నా వంతు వచ్చాక మాట్లాడబోతే అత్తగారు, ఏ చేప కావాలమ్మా అంది. ఏదో ఒకటి కొంటేగానీ ఆ పీట దగ్గరికి వెళ్లే దారి లేదు. ఒక శీలావతి కొన్నాను. అది పట్టుకుని వెళ్లి ఆమె ముందు గోనెసంచి మీద కూర్చున్నాను. మోకాలు మూలిగింది.

"నన్నెవరూ అడగలేదు మేడం," అంది ఆ అమ్మాయి చేపని తిరగేస్తూ. "ఏ జిల్లా, ఏ టీము అని ఫోన్లలో అందరూ మా ఆయనకి చెబుతున్నారు. నేను ఏ టీముకి ఆడాలన్నా ఆదివారం పొద్దున్న రాలేను. ఈ జనాన్ని చూశారుగా. వారమంతా అమ్మేది ఒకెత్తు, ఆదివారం ఒక్కటీ ఒకెత్తు. కొత్త కోడల్ని, ఇవాళ కత్తిపీట వదిలేసి బంతాటకి పోతానంటే ఎవరూరుకుంటారు? మీరైనా ఊరుకుంటారా?"

మా మ్యాచ్‌లన్నీ ఆదివారం పొద్దున్నే. సంఘం పెట్టినప్పటి నుంచీ అంతే. మేమంతా ఉద్యోగస్తులం, మాకు ఆదివారం సెలవు. పెళ్లికి ముందు వాళ్ల నాన్న తెల్లారకముందే చేపలు టోకున దింపేసేవాడు కాబట్టి ఆమెకీ ఆదివారం ఖాళీగానే ఉండేది. నెలరోజులుగా మేం మ్యాపుల మీద కొట్టుకుంటున్నది, అసలు గ్రౌండుకే రాలేని మనిషి కోసం.

మరి ఎప్పుడైతే వీలవుతుందని అడిగాను. "శనివారం పెట్టండి. శనివారం నీచు తినేవాళ్లెవరు? ఆ రోజు మాకు ఈగలు తోలుకోవడమే పని" అంది. ఏ టీముకి ఆడతావని అడిగితే, ఈ సీజన్‌కి రాజమండ్రి అని తడుముకోకుండా చెప్పింది. తనకి చెరోవైపు భుజం పట్టేవాళ్లిద్దరూ మొదటినుంచీ తనతో ఆడుతున్నారని, మధ్యలో మనిషి మారితే వాళ్ల మెడలు విరుగుతాయని అంది. వచ్చే ఏడాది ఇక్కడే ఆడతానని, సాయంత్రాలు ఇక్కడి పిల్లలకి స్క్రమ్ నేర్పడం అప్పుడే మొదలుపెట్టానని కూడా చెప్పింది.

తూకం దగ్గర్నుంచి అత్తగారు ఇటు తిరిగింది. "మెడలు విరిగే ఆటని మాకెవరూ చెప్పలేదే" అంది.

జనాన్ని అలాగే నిలబెట్టి ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నేను చేతులతో చూపిస్తూ, తల ఎలా పెట్టాలి, వీపు ఎలా నిటారుగా ఉంచాలి, బరువు ఎటునుంచి ఎటు పోతుంది, అన్నీ చెప్పాను. కాలేజీలో నా పాఠం అంత శ్రద్ధగా విన్న పిల్ల ఒక్కతీ లేదు. అంతా విని, నేనొకసారి వచ్చి చూస్తాను, చూశాక చెబుతాను అంది. వరసలో ఎవరో ఆలస్యం అవుతోందని గొణిగితే, ఉండవయ్యా అని కసిరి వెళ్లింది. నేను ఆ శీలావతి ముక్కల సంచి పట్టుకుని తిరుగు రైలెక్కాను. కొవ్వూరు దాటి వంతెన మీదకి వచ్చేసరికి పెట్టెలో నా చుట్టూ ఉన్న నలుగురూ జరిగి కూర్చున్నారు.

రెండో మీటింగు శనివారం గురించి. ఇది సులువుగా అయిపోతుందని అనుకున్నాను, ఎన్నేళ్లొచ్చినా నాకు బుద్ధి రాదు. శనివారం ప్రెసిడెంట్ గారు ద్వారకా తిరుమల వెళ్తారు, ఒంటిపూట ఉంటారు, ఆయన మ్యాచ్‌కి రాకపోతే బాగుండదు. రాజమండ్రి పిల్లలకి శనివారం కాలేజీ ఉంటుంది. మేనేజరు గారికి శనివారం డ్యూటీ, ఎవరితోనైనా మార్చుకోవాలంటే నెలముందు చెప్పాలి. అందరూ తమతమ శనివారాల గురించి అరగంట మాట్లాడారు. ఆదివారమే ఉంచి, ఆ అమ్మాయి చేత రెండు గంటలు పర్మిషన్ అడిగిద్దాం, పెద్దవాళ్లం మనం చెబితే కాదంటారా అన్నారు కోచ్ గారు.

నాకు ఓపిక పోయింది. నేను మామూలుగా గొంతు ఎత్తను, ఆ రోజు మర ఆగాక ఎత్తాను. "ఆ పిల్లకి ఆదివారం వ్యాపారమని మీలో ఎవరికైనా తెలుసా అండీ? నెలరోజుల నుంచి ఆ పిల్ల మాదంటే మాదని కొట్టుకుంటున్నారు. ఆ ఇంట్లో ఏం పని చేస్తారో, ఏ రోజు ఊపిరి సలపదో ఒక్కరైనా కనుక్కున్నారా?"

మేనేజరు గారు కొరకబోయిన బజ్జీని తిరిగి ప్లేటులో పెట్టేశారు. తర్వాత మెల్లగా అన్నారు. "నేను ప్రతి ఆదివారం వాళ్ల కొట్లోనే కొంటానండీ. పొద్దున్నే తీసుకుని, ఇంట్లో ఇచ్చేసి, గ్రౌండుకి వస్తాను."

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు, నీరసం వచ్చింది. ఆ పిల్ల కోసిచ్చిన చేప సంచి పట్టుకుని ఇంటికి పోయి, అక్కణ్ణుంచి గ్రౌండుకొచ్చి, ఆ పిల్ల ఎందుకు రాలేదని నాకు ఫోను చేసిన మనిషి ఆయన. అది ఆయనకీ అప్పుడే తట్టినట్టుంది. శనివారం డ్యూటీ సంగతి తాను చూసుకుంటానన్నారు. కోచ్ గారు కాలేజీ వదిలాక సాయంత్రమైతే పర్లేదన్నారు. ప్రెసిడెంట్ గారు దర్శనం పొద్దున్నే ముగించుకుంటానన్నారు. ఈ సీజన్‌కి పాత మ్యాపు, వచ్చే సీజన్ నుంచి కొత్త మ్యాపు అని నేను చెప్పి, ఎవరూ నోరు తెరిచేలోపు సంతకాలు పెట్టించేశాను.

రాజమండ్రి, నిడదవోలు మ్యాచ్ శనివారం సాయంత్రం కొవ్వూరులో పెట్టాం, రెండు ఊళ్లకీ మధ్యలో ఉంటుందని. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. నేల గట్టిపడిపోయి ఉంటే పక్క పొలం వాళ్లని బతిమాలి పొద్దున నీళ్లు పెట్టించాం. అత్తగారు చెప్పినట్టే వచ్చింది. పట్టు చీర కట్టుకుని, నిడదవోలు వాళ్లున్న వైపు కుర్చీ వేయించుకుని కూర్చుంది. కోడలు అవతలి టీములో ఆడుతోందని ఎవరో చెబితే, తెలుసు, కూర్చోడానికి ఇటు నీడగా ఉంది అంది.

మొదటి స్క్రమ్‌కి రెండు జట్లూ వంగాయి. ఎదురుగా నిడదవోలు హుకర్‌గా నిలబడ్డది కొత్త పిల్ల, ఈ అమ్మాయి సాయంత్రాలు నేర్పిన పిల్ల. రిఫరీ ముందే ఇద్దరినీ పరీక్షించి సరేనన్నాడు. రెండు వరసలూ కలిసినప్పుడు వచ్చే ఒక మొద్దు చప్పుడు ఉంటుంది. గొడవలూ ఫోన్లూ మ్యాపులూ అన్నీ ఆ క్షణాన నా చెవుల్లోంచి పోయాయి. అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. బంతి రాజమండ్రి వైపు వచ్చింది. కోడలు మట్టి కొట్టుకున్న తల పైకెత్తాక, మెడ నిలిచే ఉందని చూసుకుని ఆవిడ మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత ఇక లేవలేదు, కానీ ప్రతి స్క్రమ్‌కీ పక్కన నిలబడ్డ నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది.

రాజమండ్రి ఓడిపోయింది. స్క్రమ్‌లన్నీ గెలిచారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి, చివర్లో, రాజమండ్రి గోల్ గీత దగ్గరే, ఆ కొత్త పిల్ల వీళ్ల బంతిని కాలితో లాగేసుకుంది. దాన్ని గీత దాటించే నిడదవోలు గెలిచింది. ఈ అమ్మాయి నేలమీద కూర్చుని కాసేపు ఆ పిల్లని తిట్టి, తర్వాత నీళ్లసీసా ఇచ్చింది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. చెమటైనా ఆరకముందే కోచ్ గారు ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చారు. తమ క్రీడాకారిణి అవతలి టీముకి శిక్షణ ఇచ్చింది కాబట్టి ఫలితం రద్దు చెయ్యాలట. అలాంటి నిబంధన లేదన్నాను. అయితే పెట్టండి అన్నారు. స్క్రమ్‌లో తోయడానికి అవతల మనిషి ఉండాలి కదా మాస్టారూ, ఒంటిచేత్తో చప్పట్లు కొడతామా అంటే, అది వేరండి అన్నారు. ఫలితం రద్దు కాలేదు. ఆయన నాతో ఉగాది దాకా మాట్లాడలేదు. మాట్లాడ్డం మొదలుపెట్టాక, ఆ మాట్లాడని రోజులే నయమనిపించింది.

మరుసటి ఏడాది ఆ అమ్మాయి నిడదవోలుకి మారింది, ఎవరూ మ్యాపు తియ్యలేదు. మహిళల మ్యాచ్‌లన్నీ శనివారం సాయంత్రానికి మారాయి, మిగతా క్లబ్బుల్లో కోళ్ల కొట్లూ, టిఫిను సెంటర్లూ ఉన్న ఇళ్ల పిల్లలు ఇంకా ముగ్గురు నలుగురు బయటపడ్డారు. వాళ్లూ ఇన్నాళ్లూ ఆదివారాలు ఏవేవో సాకులు చెప్పి మానేసినవాళ్లే. నేను రాజీనామా ఇచ్చాను. ప్రెసిడెంట్ గారు దాన్ని చదివి, చాలా బాగా రాశారండీ అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు అందరికంటే ఎక్కువగా నాకు ఫోను చేసేది ఆ అమ్మాయే. గ్రౌండులో పల్లేరుకాయలున్నాయని, రిఫరీకి చూపు ఆనడం లేదని, తణుకు వాళ్లు జెర్సీలు ఉతక్కుండా వస్తున్నారని. మొన్న నేను క్లాసులో ఉండగా నాలుగుసార్లు చేసింది. మేనేజర్ల ఫోన్లయితే సాయంత్రం దాకా ఆపుతాను. దాని ఫోను మాత్రం వరండాలోకి వచ్చి ఎత్తాను. "మేడం, మీకు చెప్పి ఏం లాభం గానీ" అని మొదలుపెట్టింది.